దల్లా చావు చెప్పనివాడు

ఆ పగలు ఆకాశంలో మబ్బు లేదు. అయినా ఉరుము వినబడింది. ఇస్‌గెర్డ చేపలు ఆరబెట్టే పందిరి దగ్గరికి పరుగెత్తేసరికి చెల్లెలు దల్లా నేల మీద పడి ఉంది. తల పగిలింది. చేతిలో చేప అలాగే ఉంది.

మేం యోతున్లం, దేవుళ్లు మమ్మల్ని రాకాసులంటారు. మా గడ్డ మీద అలాంటి దెబ్బ కొట్టేవాడు ఒక్కడే, సుత్తి పట్టిన ఉరుముల దేవుడు థోర్. సముద్రపు పాయ దాటి తూర్పుకు వస్తాడు. కనబడిన మావాళ్లను కొట్టి వెళ్తాడు.

ఇస్‌గెర్డ చెల్లెలిని భుజాన వేసుకుని వచ్చి, కొట్టు గదిలో పడుకోబెట్టి తెరచాప గుడ్డ కప్పింది. పొరుగింటి ఓడ్నీని కేకేసింది. అప్పటికే ఇద్దరు గట్టు దిగి వస్తున్నారు. ముందున్నవాడు థోర్. వెనక అతనితో తిరిగే లోకి.

"తలుపు గడియ పెట్టవే" అంది ఓడ్నీ.

"వద్దత్తా. పొయ్యి మీద మాంసం పెట్టు."

"పిచ్చి పట్టిందా? పోనీ గొడ్డలైనా తీసుకో."

"గొడ్డలితో వాణ్ణేం చేస్తాం? నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని విను. వాడు చెప్పేదీ, చెప్పనిదీ."

ఓడ్నీకి అర్థమైంది. దేవుళ్లకూ యోతున్లకూ ఎంత పగ ఉన్నా ఈ విషయంలో చట్టం ఒకటే. ఒకరిని చంపినవాడు దారిలో తగిలిన మొదటి ఇంట్లో ఆ సంగతి చెప్పాలి. చెబితే అతని పరువుకు లోటు లేదు. చెప్పకుండా ఆ గడప దాటితే అది దొంగహత్య. దొంగహత్య చేసినవాడికి ఎవరూ నిప్పు ఇవ్వకూడదు, తిండి పెట్టకూడదు, పడవ ఎక్కించకూడదు.

థోర్ సుత్తిని బల్ల మీద పెట్టి తినడం మొదలుపెట్టాడు. సుత్తికి రక్తం ఉంది.

"దారిలో ఏమైనా విశేషాలా అయ్యా?" అని అడిగింది ఇస్‌గెర్డ.

"ఏముంటాయి? గాలి, చలి."

"ఎవరూ ఎదురుపడలేదా?"

"పక్షులు."

లోకి అతని వైపు వంగాడు. "అన్నా, ఆ పందిరి దగ్గర..."

"దోమను కొట్టి ఇల్లిల్లూ చాటింపు వేస్తామా ఏంటి?" అని గొణిగాడు థోర్. ఓడ్నీ విన్నది. "బీరు ఇంకాస్త పొయ్యమ్మా."

ఇస్‌గెర్డ పోసింది.

వెళ్లబోతూ థోర్ గడప దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇప్పుడైనా చెబుతాడేమో అని ఓడ్నీ తలెత్తి చూసింది.

"ఏమ్మా, దారికి నాలుగు ఎండుచేపలు కట్టివ్వరాదూ?"

దల్లా ఆరబెట్టిన చేపలే కట్టి ఇచ్చింది ఇస్‌గెర్డ. అతను గడప దాటాడు.

ఇస్‌గెర్డ చెల్లెలి శవాన్ని మంచుబండి మీద వేసి, ఓడ్నీని వెంటబెట్టుకుని దేవుళ్ల సభకు లాక్కెళ్లింది. తీర్పు చెప్పేవాడు ఫోర్సెటి. ఓడ్నీ విన్నదంతా చెప్పింది.

థోర్ నవ్వాడు. "రాకాసిని చంపితే హత్యేమిటయ్యా? రేపు బండరాయిని కొట్టినా చెప్పుకోమంటారు."

సభ నవ్వింది.

"నిన్ను కన్న యోర్డ్ మా ఆడదే కదూ" అంది ఇస్‌గెర్డ. "మేం బండరాళ్లమైతే నువ్వు ఎవరి కడుపున పుట్టావో వీళ్లకు చెప్పు."

నవ్వు ఆగింది. ఫోర్సెటి లోకిని అడిగాడు. "అన్న చెప్పలేదు. నేను గుర్తుచేశాను కూడా" అన్నాడు లోకి. అతనికి ఇదంతా సరదాగా ఉంది.

తీర్పు వచ్చింది. దొంగహత్యే. అయితే శిక్ష యోతున్ల తీరం వరకే. దాన్ని పాటించేవాళ్ల మీద సుత్తి ఎత్తితే మాత్రం దేవుళ్ల ఇళ్లూ థోర్‌కు మూతపడతాయి.

"మీ ఇళ్లు మీరే ఉంచుకోండి. మా తీరం చాలు నాకు" అంది ఇస్‌గెర్డ. చెల్లెలిని తీసుకుని వెనక్కి వచ్చింది.

మరుసటి శీతాకాలం మొదట్లో థోర్ మళ్లీ వచ్చాడు. పాయకు పడమటి ఒడ్డున కూడా మావాళ్ల ఇళ్లున్నాయి. ఏ ఇల్లూ తలుపు తీయలేదు. నిప్పు అడిగితే లోపల పొయ్యి ఆర్పిన చప్పుడు వినబడింది. మంచుకు తడిసిన బట్టలతో రేవుకు వచ్చి పడవ కోసం అరిచాడు. ఆ రోజు పడవవాణ్ణి ఇంటికి పంపి, తూర్పు రేవులో ఇస్‌గెర్డ కూర్చుంది.

"నా చెల్లెలి పేరు చెప్పు, పడవ తెస్తాను" అని అరిచింది. తీర్పు ఆమె గెలుచుకున్నది, సడలించే హక్కూ ఆమెదే.

థోర్‌కు ఆ పేరు తెలియదు. లోకి వైపు చూశాడు. సభలో అందరూ రాకాసి అన్నారే గానీ పేరు అడిగినవాడు లేడు. లోకి భుజాలెగరేశాడు.

థోర్ సుత్తి పిడి పట్టుకుని, వదిలేసి, నీళ్లలోకి దిగాడు. మంచుపెళ్లలు ఛాతీకి తగిలేదాకా నడిచాడు. అక్కడ కాళ్లు అందలేదు. తిరిగి ఒడ్డెక్కి ఆరని బట్టలతో కూలబడ్డాడు. పళ్లు కొట్టుకుంటున్న శబ్దం ఇవతలికి వినబడింది.

"చలిగా ఉందే, లోపలికి రా" అని ఓడ్నీ పిలిచింది.

"ఉండత్తా" అంది ఇస్‌గెర్డ. "ఇంకాసేపు చూడనీ."