ఎడమవైపు కిటికీలు

పెర్త్‌లో విమానం ఎక్కేముందు అందరితోపాటు రేలీన్ చేత కూడా గొట్టంలోకి ఊదించారు. తాగలేదని తేలింది. అనుమానాన్ని కొలిచే గొట్టమైతే అక్కడికక్కడే పేలిపోయేది.

గని పనివాళ్ల విమానం అది. మిగిలిన సీట్లు బయటివాళ్లకి అమ్ముతారు. తొంభై ఎనిమిది నారింజరంగు చొక్కాల మధ్య ఆమెదొక్కటే పూల గౌను. మొగుడు వార్విక్‌కి చెప్పకుండా బయల్దేరింది. ఈమధ్య రెండు వారాల సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా నాలుగు రోజులు ముందే గనికి పరిగెడుతున్నాడు. పైగా ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి ఈల వేస్తున్నాడు. అక్కడ ఇంకొకతె ఉందని తేలితే ఇదే విమానంలో తిరిగొచ్చి, అతని బట్టలు వీధిలో పెట్టేయడానికి సిద్ధపడింది.

పక్కసీట్లో, ఎడమవైపు కిటికీ దగ్గర, గడ్డపాయన కోడిగుడ్డు శాండ్‌విచ్ తింటున్నాడు. పేరు టెర్రీ అన్నాడు.

"వార్విక్ తెలుసా మీకు?"

"తెలియకేం. మంచోడు. మీరేమవుతారు?"

"పెళ్లాన్ని."

టెర్రీ నమలడం ఆపేశాడు. వెనక్కి తిరిగి ఏదో గుసగుసలాడాడు. ఆ మాట ఆఖరి వరుస దాకా పోయి, పైలట్‌ని కూడా పలకరించి వచ్చినట్టుంది. విమానం ఒక్కసారి కుదిపింది.

"పని దిగాక ఎక్కడుంటాడు?" అడిగింది రేలీన్.

"ఎవరు?"

"మా ఆయన."

"ఏ ఆయన?"

"ఇందాక మంచోడన్నారే, ఆ ఆయన."

"నేను వేరే వార్విక్ అనుకున్నా."

"ఒరేయ్ టెర్రీ, నోరు మూసుకుని తిను," అంది వెనక సీటు.

విమానం కిందికి వంగగానే ఎడమవైపు వాళ్లంతా కిటికీ తెరలు టపటపా దించేశారు.

"ఎండ," అన్నాడు టెర్రీ.

ఎండ కుడివైపు కొడుతోంది.

"దిగేటప్పుడు తెరలు ఎత్తాల్సిందే. అందరూ," అంటూ వచ్చింది ఎయిర్‌హోస్టెస్. ఏడుపుమొహాలతో ఎత్తారు.

కింద ఎటు చూసినా ఎర్రమట్టి. బస గదుల వెనక మాత్రం పచ్చటి గడ్డి, తివాచీ పరిచినట్టు. దాని మీద మోకాళ్లూని, చిన్న కత్తెరతో అంచులు కత్తిరిస్తోంది ఒక బట్టతల. అరమైలు ఎత్తు నుంచి కూడా ఆ బట్టతలని రేలీన్ గుర్తుపట్టింది.

"నడుం నొప్పని ఇంట్లో ఆరేళ్లుగా గడ్డి కొయ్యడు," అంది మెల్లగా. "పోయినేడాది పక్కింటి కుక్క అందులోకి పోయింది. ఇంకా రాలేదు."

"మీకు తెలిస్తే ఇంటికి పట్టుకుపోతారని..." టెర్రీ నసిగాడు. "సాయంత్రం మేం చెప్పుల్లేకుండా నడిచేది అక్కడేనండీ."

విమానం దిగినవాళ్లని తెచ్చిన బస్సు బస గదుల దగ్గర ఆగేసరికి వార్విక్ తలెత్తి పెళ్లాన్ని చూశాడు. ఎలా వచ్చావని అడగలేదు.

"రేలీన్, గడ్డి మీద కాలు పెట్టకు."

ఇంకొకతె లేదు. ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఆమె చెప్పులతోనే ఈ మూల నుంచి ఆ మూలకి నడిచింది. మధ్యలో ఆగి ఒకసారి ఎగిరింది కూడా.

"వచ్చే సెలవుకి పూర్తిగా పద్నాలుగు రోజులూ ఇంట్లో ఉంటున్నావు. కత్తెర తెచ్చుకో."

"మరి దీనికి నీళ్లెవరు పోస్తారు?"

బస్సులో నలభై చేతులు లేచాయి.