పడుగు దాటని కాళ్లు

కాలేజీ మైదానానికి ముళ్లకంచె వేసిన పొద్దున, నరసక్క గంజిలో ముంచిన పడుగును భుజాన వేసుకొని కంచె బయట నిలబడిపోయింది. తడి పడుగును వెంటనే గుంజల మధ్య సాగదీసి కుంచెతో దువ్వాలి. లేకుంటే పోగులు అంటుకొని నేతకు పనికిరావు. ధర్మవరం నేతగాళ్లకు ఆ బయలు తప్ప అంత పొడవు చోటు లేదు.

"ఆదినారాయణ దొర పట్టా భూమిక్కా. కాలేజీకి దానమిచ్చినాడు" అన్నాడు కావలివాడు.

"మా అవ్వల కాలం నుంచి పడుగులేసే బయలు ఆయప్పదెప్పుడాయ?"

నేను నూలు అమ్మేవాణ్ణి. ఎవడైనా ఊరికే ఇచ్చాడంటే వాడికి ఏం ముట్టిందో చూస్తాను. ఆదినారాయణ అప్పటికే ఊరవతల పడుగుల షెడ్డు కట్టించాడు. అక్కడ పడుగు వేసినవాడు చీర ఆయనకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. బయలు ఇచ్చి ఊరి మగ్గాలన్నీ కొన్నాడు.

గోవిందప్ప మగ్గం ఇంట్లో నేతగాళ్లందరూ కూడారు.

"పొద్దున మీ పడుగులు, సాయంత్రం పిల్లోళ్ల ఆటలు అన్నాడు గదప్పా ఆ దొర" అంది యల్లక్క.

"ఆ మాట నమ్మి బయల్లో రాళ్లేరి మైదానం చేసింది మనమే" అన్నాడు గోవిందప్ప.

"పెనుకొండ ఆఫీసుకు పోయి అర్జీ ఇద్దాం" అన్నారెవరో.

"అది పోయి వచ్చేలోగా పడుగుకు బూజు పడతాది."

నరసక్క లేచింది. "కాలేజీ పరుగు పందేల దినం ఆడనే పడుగులేద్దాం. పరిచిన పడుగు దాటే కాలు ఈ ఊర్లో ల్యా."

ఆమె కొడుకు దాసప్ప కాలేజీలో చదువుతున్నాడు. "పందెం గెలిస్తే ఫీజు ఆ దొరే కడతాడమ్మా. నా చదువు?"

"నిన్ను ఈడిదాకా చదివించింది ఏందిరా? పడుగు గాదా?"

పందేల రోజు తెల్లవారేసరికి కంచె కింద పడి ఉంది. పరుగు గీతలకు అడ్డంగా పడుగులు పరిచి ఉన్నాయి. ఈల మోగింది. అందరికంటే ముందున్న దాసప్ప తల్లి పడుగు దగ్గర ఆగిపోయాడు. వెనకవాళ్లూ ఆగారు.

"దాటండ్రా, నూలే గదా" అన్నాడు దండలేసుకున్న ఆదినారాయణ మైకులో.

దాసప్ప కుంచె అందుకొని దువ్వసాగాడు.

పోలీసులు దిగారు. బూట్ల కింద పోగులు తెగాయి. పడుగు మీద అడ్డం పడుకున్న గోవిందప్పను లాఠీలతో కొట్టారు. నరసక్కను వ్యాన్ ఎక్కించారు. గోవిందప్ప సాయంత్రానికి చనిపోయాడు. దాసప్పను కాలేజీలోంచి తీసేశారు.

శవాన్ని మట్టి చేసిన మరునాడు దాసప్ప మళ్లీ గుంజలు పాతాడు. విద్యార్థులు పడుగులు మోసుకొచ్చారు. నూలు నా దుకాణంలోదే. కొనేవాడు బతికితేనే అమ్మేవాడు బతుకుతాడు.

కంచె మళ్లీ వేయడానికి ఊర్లో కూలి ఒక్కడూ రాలేదు. కాంట్రాక్టరు హిందూపురం నుంచి లారీలో మనుషులను దించాడు. వాళ్లు పరిచిన పడుగులు చూశారు. ముళ్లతీగె చుట్టలు కింద పెట్టారు.

"ఏం చూస్తాండారు? నడవండి" అని కాంట్రాక్టరు కసిరాడు.

వాళ్లలో పెద్దవాడు అతనివైపు తిరగనేలేదు. తలగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. "ఏమబ్బా" అని దాసప్పను పిలిచాడు, "ఆ పడుగు కొన వదులైండాది. నేను పట్టుకునేదా?"