పొలమారే ఇంట్లో పప్పుగుత్తి

నేను ఒక పప్పుగుత్తిని. చింతచేవతో చేసిన ఒళ్ళు, బోడి తల, సన్నటి కాడ. అందగత్తెనని చెప్పుకోను గానీ, నా కింద పడి మెత్తబడని కందిపప్పు లేదు. నన్ను చెక్కినవాడు తెనాలి వడ్రంగి మోహనాచారి. పెళ్ళైన కొత్తలో భార్య కనకాంబకి ఏం కానుక ఇవ్వాలో తోచక నన్ను చేసి చేతిలో పెట్టాడు. ఆవిడ మూతి ముడిచింది గానీ, ఆ పూటే నాతో పప్పు ఎనిపింది.

తర్వాత మిక్సీ వచ్చింది. చప్పుడు ఎంత ఎక్కువైతే పని అంత బాగా అయినట్టు మనుషులకి అనిపిస్తుంది కాబోలు. నన్ను మేకుకి తగిలించి మరిచిపోయారు.

మోహనాచారికి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. జబ్బు పోయింది, దానితోపాటు మింగడమూ పోయింది. గొంతు బిగుసుకుంది, నోరు ఎండిపోయింది, నాలుకకి ఏ రుచీ తెలియడం లేదు. పలచగా ఉంటే సులువుగా దిగుతుందని కనకాంబ అన్నాన్ని మిక్సీలో వేసి, నీళ్ళు పోసి తాగించేది. తాగినప్పుడల్లా ఆయనకి పొలమారేది. ఆవిడ నడినెత్తిన తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నారండీ. మీ చెల్లెలేమో!" అనేది. ఆయన దగ్గుతూనే నవ్వేవాడు. చెల్లెలికి అన్నమీద ఎంత ప్రేమో అని ఇద్దరూ మురిసిపోయారు. తీరా చూస్తే జ్వరం, ఊపిరితిత్తుల్లో నెమ్ము.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, మింగడం నేర్పే షాహీన్ అనే అమ్మాయి ఇంటికొచ్చింది.

"ఎవరో తలుచుకోవడం కాదమ్మా ఇది. పలచనివి జారి ఊపిరి గొట్టంలోకి పోతన్నయ్. చిక్కగా, మెత్తగా పెట్టండి. గడ్డం ఛాతీకి ఆనించి మింగమనండి. మళ్ళీ నెమ్ము చేరితే పొట్టకి గొట్టం వెయ్యాల్సొస్తది. ఇక నోటితో తినడం ఉండదు."

కనకాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. "నా చేత్తో నేనే పోశానమ్మా," అంది.

అప్పుడు నన్ను మేకు మీంచి తీసింది. పప్పూ అన్నం కలిపి, కాస్త నెయ్యి వేసి, పలుకన్నది లేకుండా మెదిపింది. అంత ప్రేమగా, అంత భయంగా నన్నెప్పుడూ ఎవరూ పట్టుకోలేదు. నాకే ఏడుపొచ్చింది. ఆయన గడ్డం దించాడు. గొంతు కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. పక్కన కనకాంబ కూడా గుటక వేసింది. దగ్గు రాలేదు.

అలా చెంచా చెంచాగా కొన్ని వారాలు గడిచాయి. చెంచా పోయి ముద్ద వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆయన ముద్ద మింగి మొహం చిట్లించాడు. కనకాంబ గబుక్కున దగ్గరికి జరిగింది.

"ఉప్పు తక్కువైందే," అన్నాడు బొంగురుగా.

కాపురమంతా ఆ మాటకి ఆయనతో పోట్లాడిన మనిషి, ఉప్పు డబ్బా పట్టుకుని భోరున ఏడ్చేసింది.

"ఏడుపెందుకే? ఉప్పెయ్యి," అని ఆయన గడ్డం దించుకుని, తర్వాతి ముద్ద కోసం కూర్చున్నాడు.