డాక్టరు దగ్గరికి వెళ్ళే చేతులు

కుళాయి తిప్పడానికి వేళ్ళు అక్కర్లేదని ఆమె కనిపెట్టి రెండేళ్ళయింది. ముంజేతిని కుళాయి పిడికి ఆనించి, ఒంటి బరువంతా దానిమీద వేసి తోస్తే చాలు. పాలగిన్నెను చంటిపిల్లను ఎత్తినట్టు రెండు ముంజేతుల మధ్య ఎత్తాలి. పాప స్కూలు డబ్బా మూతయితే బల్ల అంచుకి ఆనించి పొట్టతో నొక్కాలి. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, తెలియకపోయినా ఊహించుకోగలదు. చెడు ఊహించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. స్కూలు నుంచి పాప ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె మనసు ఆసుపత్రి దాకా పరిగెత్తి తిరిగొస్తుంది.

రుమటాయిడ్ అంటూ మొదలయ్యే జబ్బు పేరు ఆమెకు ఇప్పటికీ నోరు తిరగదు. డాక్టరమ్మ మాత్రం మొదటిసారే ఓపిగ్గా చెప్పింది. బయటి క్రిములతో పోరాడాల్సిన ఒంట్లోని బలగమే దారితప్పి సొంత కీళ్ళ మీద పడుతోందనీ, ఊరుకుంటే ఎముకను కూడా కొరికేస్తుందనీ, ఒకసారి వంకరపోయిన వేళ్ళు తిన్నగా రావడం కష్టమనీ. తొమ్మిదో తరగతితో చదువు ఆగిన ఆమెకు అది ఇట్టే అర్థమైంది. కంచే చేను మేస్తోందన్నమాట. అర్థం కానిది ఇంట్లోవాళ్ళకే. "ఈ వయసులో నీకు కీళ్ళనొప్పులేంటే? నేనింకా బతికే ఉన్నానుగా!" అని అత్తగారు నవ్వింది. నొప్పులు కూడా పెద్దాచిన్నా చూసుకుని రావాలి కాబోలు. భర్త నవ్వలేదు, లోకజ్ఞానం చెప్పాడు. "డాక్టరు ముందు ఏడుపుమొహం పెట్టకు. పెద్ద పెద్ద మందులు అంటగడతారు. లివరు పాడై నువ్వు మంచాన పడితే ఇల్లెవరు చూస్తారు?" అందులో తన లివరు మీద బెంగ ఎంతో, ఇంటి మీద బెంగ ఎంతో ఆమె తూచి చూడలేదు. 'మంచాన పడితే' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. తను మంచంలో, పాప స్టూలెక్కి పొయ్యి దగ్గర, ఆ స్టూలు ఒక కాలు ఊగుతూ...

అందుకే మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజున, లేస్తూనే నొప్పిమాత్ర మింగేది. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు ఒళ్ళు సర్దుకుని వెళ్ళేది. పదకొండింటికల్లా చేతులు చెప్పిన మాట వినేవి. పిడికిలి బిగించమంటే బిగించేది. "పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయి?" అని డాక్టరమ్మ అడిగితే జవాబు భర్తే చెప్పేవాడు. "ఎంతోసేపు ఉండదండీ. ఇంటిపనంతా తనేగా చేసేది!" డాక్టరమ్మ పాత మందే మళ్ళీ రాసేది. పరీక్ష పాసైనట్టు ఆమె ఊపిరి పీల్చుకునేది.

ఇవాళా అదే రోజు. మాత్రల అట్ట చించడం వేళ్ళకు చేతకాక పళ్ళతో కొరుకుతుండగా, ఆరేళ్ళ పాప మొహం కడుక్కోవడానికి వచ్చింది. ముంజేతిని కుళాయి పిడికి ఆనించి, ఒళ్ళంతా వాల్చి తోసింది. తర్వాత గ్లాసును రెండు ముంజేతుల మధ్య ఇరికించి ఎత్తింది.

ఆమె కొరకడం ఆపేసింది. ఈ జబ్బు తల్లి నుంచి పిల్లకు వస్తుందా అని డాక్టరమ్మను ఎన్నిసార్లు అడగబోయి నోరు మూసుకుందో! మాత్రల అట్ట బల్ల మీద పడేసి, పాప చేతులు లాక్కుని ఒక్కొక్క కణుపే నొక్కసాగింది. నొక్కుతుంటే తన వేళ్ళే భగ్గుమన్నాయి.

"ఇక్కడ నొప్పా? ఇక్కడ? నిజం చెప్పు తల్లీ, తిట్టను."

"లేదమ్మా! చక్కిలిగిలి పెడతావేంటి?"

"మరి కుళాయి అలా ఎందుకు తిప్పావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది పాప. "అమ్మలు అలాగే కదా తిప్పుతారు? నాన్నలయితే వేళ్ళతో."

జబ్బు రాలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకోవాల్సిన మాట. కానీ వచ్చిందేమిటో తెలిసేసరికి ఆమె అక్కడే చతికిలపడింది. పాప స్కూలుకు వెళ్ళేదాకా ఆ అట్ట బల్ల మీదే ఉంది. ఆ తర్వాతా అక్కడే ఉంది.

డాక్టరమ్మ గదిలో భర్త ఎప్పటిలాగే ఆమె కుర్చీకి కుర్చీ ఆనించి కూర్చున్నాడు.

"పిడికిలి బిగించండి."

ఆమె చెయ్యి బల్ల మీద పెట్టింది. వేళ్ళు సగం దాకా వంగి, వానకు ఉబ్బిన తలుపులా అక్కడే ఆగిపోయాయి.

"ఎప్పుడూ బిగిస్తావుగా, ఇవాళేంటీ వేషాలు?" భర్త నవ్వాడు. "ఇంట్లో అన్నీ చేస్తుందండీ."

"ఇంట్లో ఉండేవి ఈ చేతులేనండీ," అంది ఆమె డాక్టరమ్మతో. "ఇన్నాళ్ళూ మీరు చూసినవి మాత్ర వేసుకొచ్చిన చేతులు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. బల్ల కింద భర్త మోకాలు ఆమె మోకాలిని గట్టిగా నొక్కింది. ఇంటికెళ్ళాక ఏమేం వినాలో, అత్తగారు ఏ మాటతో మొదలుపెడుతుందో, పెద్ద మందు పడక తను నిజంగానే మంచాన పడితే పాప గతేమిటో, ఊగే స్టూలుతో సహా అన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటాయి?" అడిగింది డాక్టరమ్మ.

భర్త నోరు తెరిచాడు.

"మీరాగండి," అంది ఆమె. "నేను చెబుతాను."