మూడోసారి చాలంటే

మండపేటలో కొత్తగా తెరిచిన ఆ ఏసీ హోటల్‌ని చూసిపెట్టింది సందీప్. వాళ్ళమ్మ సంపూర్ణమ్మకి హోటలు కూడంటేనే ఒళ్ళు మంట. కానీ గత్యంతరం లేదు. వియ్యంకుడు అచ్చిబాబు గారు ఆవిడ గడప తొక్కనని, ఆ ఇంట ఎంగిలిపడనని ఒట్టేసుకుని కూర్చున్నారు.

అంత పౌరుషం దేనికంటారా? మొన్న వేసవిలో కూతుర్ని చూడ్డానికొచ్చి భోజనానికి కూర్చుంటే, ఆయన ఒక్కసారి "చాలండి" అనగానే సంపూర్ణమ్మ అన్నం గిన్నె లోపలికి పట్టుకుపోయింది. పొయ్యి మీద పులుసు మాడుతోందన్న కంగారు ఆవిడది. అక్కడి మర్యాదలో మొదటి చాలు మొహమాటానికి, రెండోది ముచ్చటకి. మూడోసారి అంటేనే కడుపు నిండినట్టు. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. ఆ సాయంత్రమే కోడలు దుర్గాశ్రీ కూడా పెట్టె సర్దుకుని తండ్రి వెంట వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. సందీప్ ఇంట్లో ఉన్నా లేనట్టే తిరుగుతున్నాడు. ఇవాళ ఈయన్ని మెత్తబరచకపోతే కొడుకు కాపురం ఇక అతకదని సంపూర్ణమ్మ భయం.

తీరా వస్తే అది హోటలో సినిమా హాలో తెలియనంత చీకటి. పళ్ళెంలో గ్లాసుతో బోర్లించినంత అన్నం, చల్లారిన పప్పు, నీళ్ళ సాంబారు, చిన్న గిన్నెలో పెరుగు. ఇంట్లో అయితే ఆవిడ దగ్గరుండి కొసరి కొసరి వడ్డించేది. ఇక్కడ సందీప్ పక్కన ఆవిణ్ణీ ఆయనకి ఎదురుగా కూర్చోబెట్టారు. సర్వరు గిన్నెతో వచ్చి ఇంకాస్త అన్నం పెట్టమంటారా అని అడిగాడు. అచ్చిబాబు గారు చాలండి అన్నారు. అంతే, ఆ మహానుభావుడు గిన్నెతో సహా మాయం.

సంపూర్ణమ్మకి ప్రాణం పోయినంత పనయింది. మళ్ళీ పిలిస్తే అన్నం అయిపోయిందన్నాడు. కుడిచెయ్యి ఎంగిలి, ఎడంచేత్తో పెడితే అంతకన్నా అవమానం. గబగబా లేచి చెయ్యి కడుక్కొచ్చి, తాను ముట్టని పెరుగు గిన్నె ఆయన ముందు పట్టింది.

"ఈ కాస్తా వేసుకోండి అన్నయ్యగారూ."

"చాలు చెల్లెమ్మా."

"కాదనకండి. ఆ రోజు తప్పు నాదేనండి."

ఆయన రెండోసారీ చాలన్నారు. ఆవిడకి కాస్త ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్కసారి బతిమాలబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టారు.

"నా కోపం ఆ వారంలోనే పోయిందమ్మా. మీ ఇంట్లో కూర్చుని ఈ మాట చెప్పలేకే ఒట్టు సాకు పెట్టాను. అమ్మాయిని వెళ్ళమని నేనే బతిమాలాను. చాలు నాన్నా అంది. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగితే అదే మాట. పొద్దున్న బయల్దేరేటప్పుడు కూడా అడిగానమ్మా."

ఏమందని సంపూర్ణమ్మ అడగలేదు. అడగాల్సిన కొడుకు పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.