వాము వాసనేసే పొగ

తాకేటా వంతెన ఎక్కేసరికి బండి వెనకాల కూర్చున్న ఆడపిల్లలందరూ ముక్కులు మూసుకున్నారు. రుమాలున్నవాళ్ళు రుమాలుతో, లేనివాళ్ళు పక్కదాని భుజంతో. పొద్దున్న ఎక్కేచోట కొన్న సమోసాలు ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. ఆ వాసనలో కొరకబుద్ధి కాక.

డీజిల్ పొగ వాళ్ళకి కొత్త కాదు. యాంగోన్‌లో పుట్టిన ముక్కులవి. నల్లటి పొగ, ఘాటు పొగ, కళ్ళు మండించే పొగ, అన్నిటికీ అలవాటు పడ్డవే. డ్రైవరు దండాసి బండి గొట్టంలోంచి వచ్చేది తెల్లటి పొగ. వారం రోజులు మరిగిన మూకుట్లో ఎవరో మళ్ళీ పిండివంట దించుతున్నట్టుంటుంది దాని వాసన. ఖాళీ కడుపుతో పీలిస్తే ముందు ఆకలేస్తుంది, ఆ వెంటనే ఆ ఆకలి మీదే రోత పుడుతుంది.

వంతెన మధ్యకొచ్చాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఈ ఊళ్ళో ఇలాంటి బండిని ఫెర్రీ అంటారు. నీళ్ళతో సంబంధం లేదు. పొద్దున్నే పనివాళ్ళని ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపి, సాయంత్రం మళ్ళీ తెచ్చి ఇంటి దగ్గర పడేసే బండి. దండాసి తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. తండ్రీ అవే మోశాడు. వాళ్ళ వీపులు వంగిపోయాక మూడో తరానికి చేతికొచ్చిన ఆస్తి ఈ జపాను పికప్పూ, ఈ కుట్టుఫ్యాక్టరీ పిల్లల ఫెర్రీ పనీ. ఫెర్రీ పోతే బండికి వేరే పని లేదు, దండాసికి అసలే లేదు.

పిల్లల్లో పెద్దది, మా ఖిన్ అనే పిల్ల, దిగి డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చింది. బర్మీస్‌లో మెల్లగానే చెప్పింది.

"అన్నా, గేటు మూసేస్తే మా కూలి పోతుంది. నువ్వు మంచోడివే, గానీ ఇంకొక్కసారి ఆగిందంటే మేం వేరే ఫెర్రీ చూసుకుంటాం."

"రెండువేల ఐదొందల సీసీ ఇంజనమ్మా ఇది! టర్బో ఉంది, కామన్ రైలు ఉంది. ఇంత లోడుతో కొండైనా ఎక్కుతుంది," అన్నాడు దండాసి.

"ముందు వంతెన ఎక్కించు," అంది మా ఖిన్.

తాళం తిప్పగా తిప్పగా ఎలాగో కదిలింది. పిల్లల్ని దింపి, దండాసి తిన్నగా మెకానిక్ కో మింట్ షెడ్డుకి తోలాడు.

కో మింట్ ఈ రకం ఇంజన్లని విప్పీ బిగించీ జుట్టు నెరిసినవాడు. వాటి జబ్బుల గురించి చుట్టాల గురించి చెప్పినట్టు చెబుతాడు.

"ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు వదులైతే మసి దిగి, ఇంజనాయిల్ తారైపోతుంది. ఆ తారు అడుగునున్న జల్లెడని మూసేస్తే టర్బో ఎండి చస్తుంది. పొగని వెనక్కి తిప్పే ఈజీఆర్ వాల్వుకి మసి పట్టి గొంతు పూడుకుపోతుంది. ఇవన్నీ దీనికి వయసుతో వచ్చే రోగాలు. ఎవరి బండికైనా వస్తాయి." అంటూ డీజిల్ ఫిల్టరు విప్పి దండాసి ముక్కు కింద పెట్టాడు. "ఇది మాత్రం రోగం కాదు. ఎవడో పెట్టిన విషం."

ఫిల్టరు కాగితం మడతల నిండా పసుప్పచ్చటి జిడ్డు. పొద్దుటి చల్లదనానికి పేరుకున్న కొవ్వులా, వేలితో నొక్కితే జారుతోంది.

"వెంట్రుకంత కన్నంలోంచి డీజిల్‌ని పిచికారీ కొట్టే ఇంజనిది. దీనికి నువ్వు మూకుడు కడిగిన నీళ్ళు తాగించావు. పంపు ఇంకా చావలేదు, అదే నీ అదృష్టం. ఇంకో ట్యాంకు పోశావంటే అదీ పోతుంది."

ట్యాంకు దింపి తొట్టిలోకి వంచాడు. ముందు డీజిల్ వచ్చింది, తరవాత గోధుమరంగు మడ్డి వచ్చింది. ఆ మడ్డిలో మాడిన పిండి తునకలు, బంగాళాదుంప పొట్టు, సన్నటి గింజలు. దండాసి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

వాము.

యాంగోన్‌లో సమోసాలు అమ్మేవాళ్ళు వీధికి నలుగురున్నారు. దండాసి ఉండే పేటలో పిండిలో వాము కలిపేది ఒక్కతే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగని వాము గింజ పట్టిచ్చింది.

ఇంటికెళ్ళేసరికి పెళ్ళాం తాయారు పొయ్యి కడుగుతోంది. దండాసి ఆమె అరచేతిలో గింజ పెట్టాడు.

"ఇదేటే?"

"వాము. ఏటి, నాకు వాము తెలీదనుకున్నావా?"

"ఏడ దొరికిందో తెల్సా?"

"నా పిండిలో దొరికుంటాది. పంటికి తగిలిందా ఏటి?"

"నా ట్యాంకీలో దొరికింది."

తాయారు గింజనీ మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. అరచేతిని చీరకి తుడుచుకుంది. మరిగి నల్లబడ్డ నూనెని ఆమె పారబోసేది కాదు. రేకు డబ్బాలో పోసి తమ్ముడు లింగరాజుకిచ్చేది. ఆ లింగరాజే రోడ్డు మూల నీళ్ళ సీసాల్లో డీజిల్ అమ్ముతాడు. బంకు దగ్గర బారులు తీరి నిలబడలేక దండాసి కొనేది బావమరిది దగ్గరే. బంకు రేటు కంటే తక్కువకెలా వస్తోందని ఒక్కనాడూ అడగలేదు. తక్కువకొచ్చేదాన్ని అడిగితే ఎక్కువవుతుందని భయం.

ఇద్దరూ కలిసి వెళ్ళారు. ముందు వరసలో సీసాలు ఎండలో తేనెలా మెరుస్తున్నాయి. వెనక రేకుల చాటున నీలం డ్రమ్ము, దాని పక్కన తాయారు రేకు డబ్బా. లింగరాజు ఒక చేత్తో సీసా, ఒక చేత్తో గరాటా పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. గరాటా లోపల బొద్దింక కాలొకటి అంటుకుని ఉంది.

"రా అప్పా, రా బావా. కూకోండి," అన్నాడు అక్కాబావలతో, లేవకుండానే.

"సబ్బులోళ్ళకి ఇస్తానన్నావు కదరా నా నూనె?" అంది తాయారు.

"సబ్బులోళ్ళు ఇప్పుడు తీసుకోటంలేదప్పా. మరి నానేటి సెయ్యను, దీపాలెట్టుకోనా? డీజిల్లో కాస్త కలిపితే ఎవులికి నట్టం? బండి నడుస్తన్నాది కదా."

"నడవట్లేదురా! వంతెన మీద సచ్చి కూకుంది!" దండాసి అరిచాడు.

"అది పాత బండి బావా."

"వంట నూనె తీసుకెల్లి ఇంజన్లో పోస్తావేట్రా?"

లింగరాజు నవ్వాడు. "సీ అంటే సీయే బావా. కూరకీ సీ, బండికీ సీ, తలకీ సీ. బర్మావోళ్ళు అన్నిటికీ ఒక్క మాటే ఎట్టేరు. ఆళ్ళకి లేని పట్టింపు మనకేల?"

బర్మావాళ్ళ మాటలో సీ అంటే నూనె. తాయారు పుట్టింటి శ్రీకాకుళం యాసలో సీ అంటే ఉమ్మేముందు నోట్లోంచి వచ్చే మాట.

"సీ! నోర్ముయ్యి," అంది తాయారు. అని, ఆగిపోయింది. డ్రమ్ముకి అవతల పసుప్పచ్చ డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆమె వారానికోసారి తమ్ముడి దగ్గర కొత్త నూనె కొనుక్కెళ్ళే డబ్బాల్లాంటివి. ఒకదాని మూతి మీద నూనె ఇంకా తడిగా ఉంది. డ్రమ్ము నుంచి ఆ డబ్బాదాకా నేల మీద చుక్కలు చుక్కలుగా జాడ ఉంది.

"లింగా. ఆ డబ్బాలోకి ఏటి పోసేవురా?"

"పైన తేరింది నీకప్పా. కింద మడ్డి బండ్లకి." లింగరాజు గొంతులో కాస్త గర్వమే ఉంది. "గుడ్డేసి ఒడకట్టి మరీ ఇస్తన్నాను. బంగారంలాగుంటాది. నువ్వే అన్నావు కదా, నూనె బాగున్నాదని."

"ఇదే గరాటాతోనా?"

"గరాటాకేటైంది?"

తాయారు డబ్బా మూతి మీది నూనెని వేలితో తీసి వాసన చూసింది. తను కాచిన నూనె, మళ్ళీ తనే కొని, మళ్ళీ కాచి, మళ్ళీ వాడికే ఇచ్చి. ఎన్నిసార్లు తిరిగిందో ఆ నూనె. ఎంత డీజిల్ తాగిందో ఆ పిండి. ఈ మధ్య సమోసాలు కొంచెం కిరసనాయిలు వాసనేస్తుంటే పొయ్యిదనుకుంది. అనుకోవడం సుఖం కాబట్టి అనుకుంది.

"రోజూ మన ఫెర్రీ పిల్లలు తింటన్నారు కదరా అదే."

"నానూ తింటన్నాను కదా."

"నువ్వా? మొన్న పళ్ళెంలో ఎడితే పన్ను నొప్పన్నావు. అంతకు ముందు అజీర్తన్నావు. ఎన్నాళ్ళైంది రా నువ్వు నా సమోసా ముట్టి?"

లింగరాజు గరాటా కింద పెట్టాడు. బావ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇంటి గుట్టు ఈదిలో ఎట్టుకోకు బావా. ఆ ఫెర్రీ గుంటలకి ఇంజను పాతదైపోనాదని సెప్పు. ఈ బండ్లకి మామూలేనని సెప్పు. ఇంజట్టర్లనో, వాల్వులనో ఏదో ఒకటి. ఎవులొచ్చి సూస్తారు?"

ఆ సలహా దండాసికి సబబుగానే తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే వెగటేసింది.

వెనక్కి తిరిగి నడుస్తుంటే లింగరాజు కేకేశాడు. "బావా! ట్యాంకీలోంచి తీసింది పారబొయ్యలేదు కదా? పట్టుకురా. తేరుద్దాం."

కో మింట్ ట్యాంకు కడిగాడు, ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేశాడు, కొత్త ఫిల్టరు వేశాడు. దండాసి బంకు బారులో నిలబడి డీజిల్ పోయించుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. తాయారు సమోసాల తట్ట లేకుండా వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

పిల్లలు వచ్చి గొట్టం దగ్గర ముక్కులెగరేసి చూశారు.

"వాసన లేదే! ఏమైందన్నా నిన్న?" అడిగింది మా ఖిన్.

దండాసి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఇంజన్లకి మామూలేనమ్మా. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లని ఉంటాయి, అవి వదులై..."

"వాషర్లు కాదు," అంది తాయారు తనకొచ్చిన బర్మీస్‌లో. "సీ. నేను వేయించిన సీ. మా తమ్ముడు డీజిల్లో కలిపాడు. మిగిలింది కొత్తదని నాకే అమ్మాడు. అందులోనే మీకు వేయించి పెట్టాను. నాకు తెలీదు. తెలుసుకోలేదు."

దండాసి స్టీరింగు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది ఫెర్రీ అనుకున్నాడు.

వెనక ఒక పిల్ల బండి పక్కకి వంగి కక్కింది. ఇంకొకతె తాయారుని ఏదో తిట్టింది. మా ఖిన్ మాత్రం తాయారు కూర్చున్న కిటికీ దగ్గరికొచ్చింది.

"మా క్యాంటీన్లో నూనె ఏ రంగులో ఉంటుందో చూశావా అక్కా? రాత్రి మేం కొనుక్కునే వేపుళ్ళది? ఎక్కడిదని అడుగుతూ కూర్చుంటే మాకు తిండే ఉండదు." తరవాత డ్రైవరు వైపు తిరిగింది. "బండి ఆగదు కదా ఇంక?"

"ఆగదు! ఒట్టు!"

"అయితే పోనీ. గేటు మూసేస్తారు." ఎక్కబోతూ తాయారుతో అంది. "అక్కా, నువ్వు మాత్రం ఇంక సమోసాలు తేకు."

దండాసి మొహం విప్పారింది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. తాయారు ఆ నవ్వు చూసింది. తలుపు తీసుకుని కిందికి దిగింది.

"ఏటే, దిగిపోతన్నావు?"

"నీ బండి బతికింది కదా. ఎల్లు."

"మరి రాత్రికి ఏటి వండుతావు?"

"నీ బామ్మర్దినడుగు. తేర్చి ఎడతాడు."

వెనక నుంచి పిల్లలు రేకు మీద దరువేస్తున్నారు, పద పదమని. దండాసి గేరు వేశాడు. బండి పొగ లేకుండా, దగ్గకుండా మలుపు తిరిగింది. తాయారు రోడ్డు పక్కకి తిరిగి ఉమ్మింది. నోట్లో ఏమీ లేదు. మళ్ళీ ఉమ్మింది.