దోన్ సెవెరో ఊదని బాకా

ఒరూరో పట్టణంలో దోన్ సెవెరో కొల్కె బుగ్గలు తెలియనివాళ్ళు లేరు. ‘కొండ మెరుపు’ బ్యాండుకు యజమాని ఆయనే, మొదటి బాకా ఆయనే. ఏటా కార్నివాల్ ముందు గోడలకు అతికించే పోస్టర్లలో బ్యాండువాళ్ళందరూ వేలెడంత ఉంటే, బుగ్గలు పూరించిన ఆయన ముఖం ఒక్కటీ తలుపంత ఉండేది. కింది ఊళ్ళవాళ్ళు నాలుగు మెట్లెక్కి రొప్పే ఆ చలికొండల మీద ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాకా ఊది, అది చాలక మైకు అడిగి పుచ్చుకుని మాట్లాడేవాడు. ఊదిన దానికన్నా మాట్లాడిందే ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. అయితే వాళ్ళంతా ఆయన దగ్గర జీతం తీసుకునేవాళ్ళు కాబట్టి ఆ మాట గొంతు తగ్గించి అనేవాళ్ళు.

ఆ చలికాలం ఊరంతా ఫ్లూ పాకింది. డోలు వాయించేవాళ్ళిద్దరు పడకేస్తే దోన్ సెవెరో పనిగట్టుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తిట్టొచ్చాడు.

“జ్వరమొస్తే ముసుగుతన్ని పడుకునేవాడికి సంగీతమెందుకురా? ఏదైనా ఆఫీసులో గుమాస్తాగా చేరు.”

తరవాతి వారం జ్వరం ఆయననే పట్టుకుంది. పరువు కోసం పడుకోలేదు. ఒక పల్లెలో పండగకు ఒప్పుకుని వెళ్ళి, మంచు కురుస్తుంటే ఆరుబయట నిలబడి, దగ్గుకూ దగ్గుకూ మధ్య బాకా ఊదాడు. మందుగా సారా తాగాడు, సారా తాగానని ఇంకాస్త ఊదాడు. తిరుగు ప్రయాణంలో ఆయనను బస్సు వెనక సీట్లో, డోళ్ళ పక్కన, ఇంకో డోలులాగే పడుకోబెట్టి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఊపిరితిత్తుల్లో దిగిన వైరస్ అక్కడితో ఊరుకోక గుండె కండరాన్ని కూడా వాపెక్కించిందని డాక్టర్ ఉర్కిదీ చెప్పింది. ఆమె సన్నగా, పొట్టిగా, ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. కొన్ని వారాలపాటు దోన్ సెవెరో నోట మాట రాలేదు. పెళ్ళయ్యాక తన మాట ఆఖరిదాకా మొగుడు విన్నది ఆ వారాల్లోనే అని ఆయన భార్య పెత్రొనా తరవాత అందరికీ చెప్పుకుంది.

ఇంటికి పంపే రోజున ఆయన మొదట అడిగింది ఒకటే.

“బాకా ఎప్పుడు పట్టుకోవచ్చు డాక్టరమ్మా?”

“గుండె స్కానింగ్ బాగుందని నేను చెప్పిన రోజున. నెలలు పడుతుంది. ఈలోగా మెల్లగా నడవండి, ఆయాసమొస్తే కూర్చోండి, ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చే సాధన చెయ్యండి. బరువులు మొయ్యొద్దు, గట్టిగా ఊదొద్దు.”

“ముప్పయ్యేళ్ళ అలవాటమ్మా. నాకది మంచినీళ్ళు తాగినట్టు.”

“వాచిన గుండెతో ఊదితే లయ తప్పుతుంది. అప్పుడు కూడా బ్యాండు కావాలి మీకు, శ్మశానం దాకా. కానీ వాయించడానికి మీరుండరు.”

పెత్రొనా ఆ మాటను తాయెత్తులా దాచుకుంది. రోజూ వాడింది.

పరామర్శకు వచ్చినవాళ్ళకు మాత్రం దోన్ సెవెరో వేరే కథ చెప్పాడు. “ఉత్త జలుబు. డాక్టర్లే నోళ్ళు తెరిచారనుకో. ఎద్దు ఊపిరితిత్తులట నావి.”

“ఆ ఎద్దుకి దొడ్లోకి నడవాలంటే నా భుజం కావాలి,” అంది పెత్రొనా, టీ అందిస్తూ.

వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు. ఒకరు నీలగిరి ఆకుల ఆవిరి పట్టమన్నారు, ఒకరు లామా అనే కొండజంతువు ఎముకల పులుసు తెచ్చారు. మేనత్త వరసయ్యే ఒకావిడ నల్ల గినీపందిని పట్టుకొచ్చి, రోగిష్టి ఛాతీ మీద పెడితే జబ్బును అది లాగేసుకుంటుందంది. దాన్ని ఛాతీ మీద పెట్టుకుని దోన్ సెవెరో తన గొప్పలు మొదలెట్టాడు. ఆ జీవి కాసేపు విని, దూకి, మంచం కిందికి పారిపోయింది.

ఊపిరి సాధన ఆసుపత్రి వెనకగదిలో జరిగేది. ఒక్కొక్కరి చేతికి మూడు గొట్టాల ప్లాస్టిక్ పరికరం ఇచ్చేవారు. గాలి లోపలికి పీలిస్తే గొట్టాల్లోని బంతులు లేవాలి. అక్కడివాళ్ళకు తానెవరో తెలిస్తే పరువు దక్కదని భయపడి, తాను పోస్టాఫీసులో పనిచేస్తానని చెప్పాడాయన. పీల్చాడు. ఒక బంతి కొంచెం కదిలి, ఎందుకొచ్చిన శ్రమ అన్నట్టు మళ్ళీ కూలబడింది.

పక్క కుర్చీలో దోన్యా ఇలారియా ఉంది. బజారులో వేడి వేడి అపి అమ్ముతుంది. ఊదారంగు మొక్కజొన్నతో కాచే ఆ అపి కోసం తెల్లవారక ముందే జనం క్యూ కట్టేవాళ్ళు. ఆమెకూ అదే జబ్బు చేసింది, ఆయనకన్నా ముందే లేచింది. ఆమె పీలిస్తే మూడు బంతులూ పైకెక్కి, ఆమె వదిలేదాకా అక్కడే నిలబడ్డాయి.

“ఏం సారూ, ముద్రలు కొట్టీ కొట్టీ ఊపిరి అరిగిపోయిందా?” అందామె.

“పని ఒత్తిడమ్మా.”

“అవునవును. మరి ఆ గోడ మీదున్నాయన మీకేమవుతాడు?”

కిటికీలోంచి చూస్తే ఎదుటి గోడ మీద పోస్టరు. అందులో ఆయన బుగ్గలు, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత.

“కవల సోదరుడు,” అన్నాడు దోన్ సెవెరో.

గదంతా నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. ఆ పూటకు నర్సు సాధన ఆపేయాల్సి వచ్చింది. నవ్వలేనివాళ్ళను నవ్వించినందుకు ఆయనను బయట కూర్చోబెట్టింది.

ఆ అవమానంతో ఆయన లోలోపల కుమిలాడు. ఆదివారం పెత్రొనా చర్చికి వెళ్ళగానే మంచం కిందినుంచి బాకా తీసి, తుడిచి, కిటికీ మూసి ఊదాడు. తల్లి కనబడని మేకపిల్ల అరిచినట్టు ఒక కూత వచ్చింది. రెండోసారి గట్టిగా ఊదాడు. కూత కూడా రాలేదు. ఛాతీలో ఏదో దారితప్పి పరిగెత్తింది, ఆగింది, మళ్ళీ పరిగెత్తింది. తాగివచ్చిన డోలువాడు అలా వాయిస్తే ఆయన మధ్యలోనే పంపించేసేవాడు. ఈ డోలును ఎక్కడికి పంపడం? కళ్ళకు చీకట్లు కమ్మితే గోడ పట్టుకుని నేల మీదికి జారాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, మొదటిసారి ఎవరికీ ఏమీ చెప్పుకోవాలనిపించక, చచ్చిపోతానేమోనని భయపడుతూ కూర్చున్నాడు.

పెత్రొనా వచ్చి, నేల మీది బాకానూ నేల మీది భర్తనూ చూసింది. తిట్టలేదు. ఆయనను ఆసుపత్రికి నడిపించుకు వెళ్ళింది. డాక్టర్ ఉర్కిదీ పరీక్షలు చేసి, గండం తప్పిందని, ఇంకోసారి ఇలా చేస్తే తప్పదని చెప్పి పంపింది.

బుద్ధి వచ్చిందనే అందరూ అనుకున్నారు. కానీ కార్నివాల్‌కు ముందు జరిగే తొలి ఊరేగింపు దగ్గరపడ్డకొద్దీ, సెవెరో పని అయిపోయిందని పోటీ బ్యాండువాళ్ళు బజారంతా చాటారు. ఆయన వెంటనే సిప్రియన్‌ను పిలిపించాడు. సిప్రియన్ రెండో బాకా, మాట తక్కువ మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆయన వీపు చూస్తూ వాయించినవాడు.

“నువ్వు నా వెనక నిలబడి నా వంతు వాయించు. నేను పెదాల దగ్గర పెట్టుకుని బుగ్గలు పూరిస్తాను. మూడో కంటికి తెలియకూడదు.”

“అలాగే దోన్ సెవెరో. కొత్తేముంది? మీరు మైకు దగ్గరున్నప్పుడల్లా వాయించేది నేనేగా.”

దోన్ సెవెరో పెట్టెలోంచి బ్యాండు ఎర్రకోటు తీయించాడు.

ఊరేగింపు చూడడానికి వెళ్తున్నానని డాక్టరుతో చెప్పాడు. భార్యతోనూ అదే చెప్పాడు. ఆమె నమ్మలేదు, కానీ కట్టేసి ఉంచలేదు కదా. ఎర్రకోటు వేసుకుని ముందు వరసలో నిలబడేసరికి జనం చప్పట్లు కొట్టారు. బాకా ఎత్తాడు, బుగ్గలు పూరించాడు. వెనకనుంచి సిప్రియన్ రాగం లేచి వీధి మీద పరుచుకుంది.

“ఇంత బాగా నువ్వెప్పుడూ ఊదలేదు దోన్ సెవెరో,” అన్నాడు దారి పక్కన ఒక ముసలాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మెచ్చుకోలు ఆయనకు ఒక సగం తీపిగా, ఒక సగం కారంగా తగిలింది. చదునుగా ఉన్నంతదూరం బాగానే నడిచాడు. చర్చి వైపు ఎత్తు మొదలైంది. ఊదకపోయినా కాళ్ళకు ఊపిరి కావాలి కదా. నాలుక తడారింది, ఆ ఆదివారం నాటి పరుగు ఛాతీలో తల ఎత్తబోయింది. ఇంకో అడుగు వేస్తే పరువు దక్కుతుంది, ప్రాణం దక్కుతుందో లేదో తెలియదు. దోన్ సెవెరో తన జీవితంలో మొదటిసారి వరస తప్పాడు. పక్కకు జరిగి, కనబడిన మొదటి బెంచీ మీద కూలబడ్డాడు. అది దోన్యా ఇలారియా అపి కొట్టు బెంచీ.

బ్యాండు ఆగలేదు. ఆగితే వెనకవాళ్ళు మీదకొచ్చి పడతారు. రాగమూ ఆగలేదు. ఎత్తెక్కుతూ ఇంకా గట్టిగా, ఇంకా హాయిగా మోగింది. కొట్టు పైన వేలాడే లౌడ్‌స్పీకరులో రేడియో వ్యాఖ్యాత పరవశించిపోతున్నాడు:

“వినండి, ఇదీ దోన్ సెవెరో కొల్కె దమ్ము. జబ్బు ఆయన్ని ఏం చెయ్యగలిగింది?”

కొట్టు చుట్టూ ఉన్న జనం లౌడ్‌స్పీకరు వైపు చూశారు. తరవాత, బాకా ఒళ్ళో పెట్టుకుని రొప్పుతున్న దోన్ సెవెరో వైపు చూశారు. దోన్యా ఇలారియా ఒక కప్పు అపి పోసి ఆయన చేతికిచ్చింది.

“తాగండి పోస్టుమాస్టరుగారూ. మీ కవల సోదరుడు బ్రహ్మాండంగా వాయిస్తున్నాడు.”

అప్పుడు జనంలో లేచిన నవ్వు చర్చి గంటల దాకా వినిపించిందంటారు. ఆయన తలొంచుకుని అపి తాగాడు. ఆమె నవ్వుతూనే ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది, భుజాల మీద శాలువా కప్పింది, పెత్రొనాకు కబురు పంపింది.

ఆ తరవాత ఆయన వీధిలోకి వస్తే చాలు, జనం చప్పుడు లేకుండా బుగ్గలు పూరించి చూపేవాళ్ళు. ఇంట్లోంచి కదలనన్నాడు. పది మందికీ మొహం ఎలా చూపించనన్నాడు.

“పది మందీ చూడాల్సింది చూసేశారు. ఇంకా దాచడానికేముంది?” అంది పెత్రొనా. “నువ్వు ఇంట్లోనే ఉంటే నాకు ఊపిరాడదు. లే.”

లేచాడు. వెనకగదిలో ఈసారి ఏ ఉద్యోగమూ చెప్పుకోలేదు. ఒకరోజు రెండు బంతులు లేచేవి, మర్నాడు ఒకటి కూడా లేచేది కాదు. వరండాలో ఒక వారం హాయిగా నడిచి, పై వారం మధ్యలోనే కూర్చునేవాడు. బాగుపడడమంటే ఇలాగే ఉంటుందని డాక్టర్ ఉర్కిదీ చెబితే, దీనికంటే తప్పిపోయిన గాడిదను వెతకడం నయమన్నాడు. అయినా మానలేదు. ఆ ఏడు కార్నివాల్‌లో మొదటి బాకా సిప్రియన్‌దే అయింది. బేరానికొచ్చినవాళ్ళు “వెనకాయన ఉంటాడుగా?” అని అడిగి మరీ బయానా ఇచ్చేవాళ్ళు.

ఈస్టరు దాటాక స్కానింగులో గుండె వాపు తగ్గిపోయినట్టు కనబడింది. ఊపిరితిత్తుల్లో కొన్ని మచ్చలు మిగిలాయి. కొద్దికొద్దిగా వాయించుకోవచ్చంది డాక్టర్. ఒక బారసాలలో నెమ్మదైన పాట ఒకటి వాయించి, పై స్వరం వచ్చేసరికి బాకా దించి, సిప్రియన్‌కు తలూపాడు. ఎవరూ ప్రత్యేకంగా చప్పట్లు కొట్టలేదు. పసిబిడ్డ నిద్రపోయింది. ఇంటికొచ్చేదాకా దోన్ సెవెరో ఆ బిడ్డను తిట్టుకున్నాడు.

ఇప్పుడు ఆయన ప్రతి బుధవారం ఆ వెనకగదికి వెళ్ళి కొత్త రోగులకు ఉపన్యాసమిస్తాడు. తానొక్కరోజూ డాక్టరు మాట దాటలేదని, క్రమశిక్షణతోనే గుండెను నిలబెట్టుకున్నానని, ఊరేగింపులో కూర్చోవడం కూడా సిప్రియన్‌ను పైకి తేవడానికి తాను ముందే వేసిన ఎత్తని చెబుతాడు. పెత్రొనా ఆ గంటసేపు హాయిగా కునుకు తీస్తుంది.

మొన్న ఒక గని కార్మికుడు, సగం ఊపిరి మిగిలిన మనిషి, నోరు తెరుచుకుని అదంతా విన్నాడు.

“ఒక్కరోజు కూడా మాట దాటలేదా సార్?”

“ఒక్కరోజు కూడా.”

“గని పనికి రేపటినుంచి పోదామనుకున్నానండీ. అయితే ఆగుతాను.”

డాక్టర్ ఉర్కిదీ ఏదో అనబోయింది. తలుపు దగ్గర అపి పాత్ర దింపుతున్న దోన్యా ఇలారియా ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఊదనివ్వమ్మా,” అంది. “ఆ బాకాకి గుండెతో పని లేదు.”